ఎఱ్ఱరాయి యెల్ల కెంపు కాదు

తల్లి కూఁతునకు, అత్త కోడలికి నిచ్చిన నగలలో ఎఱ్ఱరాయి పొదిగిన కమ్మయో యుంగరమో మన యిండ్లలో నుండకపోదు. దానిని కెంపనియే పిలుతుము. కమలాపురపు గృహిణి యొకతె యాపద్వేళ నట్టి నగను ప్రొద్దుటూరి బంగారపు టంగడికిఁ గొనిపోయినచో, అది కెంపా, గార్నెట్టా, గాజా యను ప్రశ్న తప్పక పుట్టును. వీని వెలలకుఁ గల యంతరము మిక్కిలి పెద్దది. కావున రాతి గుణములు కొన్ని యెఱింగియుండుట మనకు మేలు.

గార్నెట్టు మనకుఁ గ్రొత్తది కాదు. నవరత్నములలోని గోమేధికము ఈ జాతిదే. దానిమ్మ గింజను బోలియుండుటచే లాటిను భాషనుండి దీనికీ పేరు వచ్చినది. మన చెన్నూరు వజ్రములకువలెనే, తెలంగాణమునఁ గొత్తగూడెము చెంత గరీబుపేట గార్నెట్లకుఁ బ్రసిద్ధము. ప్రాచీన బైజాంటియపు చెక్కడపు రత్నమొకటి యక్కడి రాయియే యని పండితులు 2018లోఁ బ్రకటించిరి.

ఇఁక పరీక్షలు. మొదటిది బరువు. విడిరాతిని సున్నితపు త్రాసులోఁ దూఁచి, పిదప దారమునఁ గట్టి నీటిలో వ్రేలాడఁదీసి మరలఁ దూఁపవలెను. గాలిలో 2 గ్రాములు, నీటిలో 1.5 గ్రాములు తూఁగెననుకొనుఁడు. తగ్గినది 0.5 గ్రాము. 2ను దానిచే భాగింపఁగా 4 వచ్చును. ఇదియే సాపేక్ష సాంద్రత. ఎఱ్ఱ గార్నెట్టునకు నిది 3.6 మొదలు 4.3 వఱకు నుండును. సామాన్యమైన గాజునకు 2.5 ప్రాంతము. భూతద్దముతోఁ జూచిన గాజులో గుండ్రని గాలిబుడగలు తఱచుగాఁ గానవచ్చును.

అయినను తొందరపడరాదు. కెంపు సాంద్రతయు 4 యే! ఈ రెంటిని వేఱుపఱచునది రంగు. డైక్రోస్కోపు అను చిన్న గొట్టమునుండి చూచినచో కెంపు రెండు ఛాయల యెఱుపును జూపును. గార్నెట్టు ఏ దిక్కునఁ ద్రిప్పినను ఒకే ఛాయను జూపును. మఱియు, ఇనుము గల ఎఱ్ఱ గార్నెట్టును నీటిపైఁ దేలెడు బెండుముక్కమీఁద నుంచి బలమైన నియోడిమియము అయస్కాంతమును దగ్గఱకుఁ దెచ్చిన, అది మెల్లగాఁ గదలి వచ్చును. కెంపు కదలదు.

గట్టితనమున వజ్రము 10, కెంపు 9, గార్నెట్టు 6.5 మొదలు 7.5 వఱకు. కాని గీఁచి చూచుట ప్రమాదము. పరీక్షకై సొత్తును జెఱుపుకొనరాదు. స్పినెలు వంటి యెఱ్ఱరాళ్లును గలవు గనుక, తుది నిర్ణయము రత్నపరీక్షాశాలకు విడువవలెను.

అమ్మఁబోవు ముందు రాతిని తూఁపించి, పరీక్ష మీ కన్నులయెదుటనే చేయుమని యడుగుఁడు. నగ చేయి దాఁటిన పిదప నడిగిన ప్రశ్నకు ఫలములేదు.