చుక్కాని తిప్పితే చాలదు



మా సైన్సు పడవ నీళ్ళ తొట్టి గోడకు గుద్దుకుంటే మీరంతా నవ్వారు కదా! అది ఎందుకు గుద్దుకుందో ఇప్పుడు చెబుతాను.

పాడైన బొమ్మకారులోని మోటార్లు, రిమోటు తీసి థర్మోకోలు పడవకు పెట్టాము. రిమోటు నొక్కితే రేడియో తరంగాలు వస్తాయి. పడవలోని రిసీవరు వాటిని అందుకుని చిన్న మోటారును తిప్పుతుంది. దానికి కట్టిన తీగ చుక్కానిని అటూ ఇటూ లాగుతుంది. 1898లోనే నికోలా టెస్లా అనే శాస్త్రవేత్త న్యూయార్కులో రేడియోతో నడిచే పడవను జనానికి చూపించాడు.

మా చుక్కాని బాగానే తిరిగేది. పడవే తిరిగేది కాదు. గోడ దగ్గరికి రాగానే నాకు భయం వేసి, ఫ్యాను ఆపేసి చుక్కాని తిప్పేదాన్ని. అది తిన్నగా పోయి గుద్దేది.

ఆదివారం మా నాయన వచ్చాడు. ఆయన చదువుకోలేదు. బందరు కాలువలో చేపలు పడతాడు. పడవ చూసి, "నీళ్ళు తగలకపోతే చుక్కాని ఏం చేసుద్దమ్మా? నీళ్ళతో పాటు కొట్టుకుపోయేటప్పుడు తెడ్డు ఊరికే పట్టుకుంటే పడవ తిరగదు. ముందు గట్టిగా తోయాల" అన్నాడు.

సైన్సు మేడం కూడా నిజమే అన్నారు. చుక్కాని ఎడమకు తిప్పితే, దానికి తగిలిన నీళ్ళు పడవ తోకను కుడికి నెడతాయి. అప్పుడు ముక్కు ఎడమకు తిరుగుతుంది. నీళ్ళు తగలకపోతే నెట్టడమే ఉండదు.

మేము చేసిన మార్పులు:

1. ఫ్యానుకు పక్కగా ఉన్న చుక్కానిని సరిగ్గా దాని వెనక పెట్టాము. ఫ్యాను చిమ్మే నీళ్ళు నేరుగా తగులుతాయి.
2. డబ్బా మూత కోసి చుక్కానిని రెండింతలు చేశాము.
3. వదులుగా ఉన్న తీగను బిగించాము.
4. చుక్కాని 35 డిగ్రీలు దాటకుండా పుల్ల అడ్డం పెట్టాము. మరీ అడ్డంగా తిరిగితే పడవను తిప్పదు, ఆపుతుంది.
5. మలుపులో ఫ్యాను ఆపడం మానేశాను.

ఇప్పుడు పడవ తొట్టి మధ్యలోనే తిరిగి వస్తోంది.

2024 సెప్టెంబరు 1న కృష్ణకు పెద్ద వరద వచ్చింది. అప్పుడు కొట్టుకొచ్చిన పెద్ద పడవలు విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్లకు గుద్దుకున్నాయి. గేట్ల దగ్గరి కాంక్రీటు దిమ్మెలు దెబ్బతిన్నాయి. ఆ పడవల్లో మనుషులు లేరు. ఉన్నా, ఇంజను ఆగిన పడవ వరదతో సమానంగా పోతుంటే చుక్కాని పని చేయదు. ముందే గట్టిగా కట్టుకోవడం ఒక్కటే దారి.

వాన పట్టిందంటే మా నాయన పడవకు రెండు తాళ్ళు కడతాడు. ఇన్నాళ్ళూ అది చాదస్తం అనుకున్నాను. ఇప్పుడు అనుకోను.

– 9వ తరగతి విద్యార్థిని