ఆలోచించి మాట్లాడు కూటము: మార్లవాయి, కెస్లాపూర్ నుండి ఒక పాఠము

సంఘములో చర్చ పెట్టినప్పుడు తరచుగా ఇద్దరు ముగ్గురే మాట్లాడుదురు. మిగిలినవారు తలలూపి ఇంటికి వెళ్ళుదురు. లోపము విశ్వాసులదే అనుకొనుట సులభము. కాని చర్చను అమర్చిన విధానములోనే లోపము ఉండవచ్చును. జైనూర్ ప్రాంతపు చరిత్ర ఆధారముగా ఈ సంగతిని పరిశీలించుదము.

1940లో జోడేఘాట్‌లో కుమురం భీం మరణించిన తరువాత, గోండుల అశాంతికి కారణములు తెలిసికొనుటకు నిజాం ప్రభుత్వము మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను నియమించినది. ఆయన, ఆయన భార్య బెట్టీ నేటి జైనూర్ మండలములోని మార్లవాయిలో నివసించి, గోండుల మాట దగ్గరనుండి వినిరి. ఆ దశాబ్దములోనే కెస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు ఆరంభమైనది.

దర్బారు అమరికలో మూడు సంగతులు గమనింపదగినవి. మొదటిది, సమయము ముందే తెలియును. జాతర పుష్య అమావాస్యకు మొదలగును గనుక, ఏమి అడుగవలెనో ఊరిలోనే ఆలోచించుకొని రావచ్చును. రెండవది, స్థలము ప్రజలది. అధికారులే వారి యొద్దకు వచ్చెదరు. మూడవది, జవాబు చెప్పవలసినవారు ఎదుటనే కూర్చుందురు. జవాబు రాని చోట మరుసటి ఏడు మాట తగ్గును. ఇది ఏ సభకైనను వర్తించును.

అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయములోని యెరూషలేము సభలోను ఒక క్రమమున్నది. చాలా తర్కము జరిగిన తరువాత పేతురు మాట్లాడెను. సభ మౌనముగా బర్నబా, పౌలుల అనుభవము వినెను. యాకోబు తన తీర్పును చివరనే చెప్పెను. నిర్ణయము వ్రాతపూర్వకముగా సంఘములకు చేరెను.

కాపరులు ఈ నాలుగు పద్ధతులను పాటింపవచ్చును. ప్రశ్నను వారము ముందే తెలియజేయవలెను. అది అవును, కాదు అనుటతో ముగియునది కాకూడదు. సమస్య ఎవరికి తగిలినదో వారిని, వారి భాషలోనే, మొదట మాట్లాడనియ్యవలెను. కాపరి చివర మాట్లాడవలెను. చెప్పినదానిని వ్రాసి, ఏమి జరిగినదో తరువాతి కూటములో చదివి వినిపించవలెను.

2024లో ఒక ఆదివాసీ స్త్రీపై దాడి జరిగిన పిమ్మట, సెప్టెంబరులో జైనూర్‌లో ఘర్షణలు చెలరేగెను. నిషేధాజ్ఞలు విధించి, ఇంటర్నెట్ నిలిపివేసిరి. అట్టి దినమున నిదానించి వినుట, విచారించి మాట్లాడుట అప్పటికప్పుడు అలవడునవి కావు. మామూలు వారములలో, చిన్న కూటములలో నేర్చినవారికే అవి ఆ దినమున అక్కరకు వచ్చును.