అమ్మ అడవికి పోయిన పూట

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు బస్తరు సీమలోని జగదల్‌పూర్ నుండి దక్షిణముగా బయలుదేరిన 30వ జాతీయ రహదారి, దర్భా లోయలోని మలుపులన్నియు దాటి, తోంగ్‌పాల్ గ్రామమును ఒరసికొని, సుక్మా, కుంటల మీదుగా చింతూరునకును భద్రాచలమునకును దిగివచ్చును. ఈ దారిని గూర్చి మన పత్రికలు వ్రాసినదంతయు ప్రాయికముగా తుపాకుల వార్తయే. దారికి అటునిటు ఉన్న పూరిండ్లలో ఆరేడు మాసముల పసివాడు ఆ పూట ఏమి తిన్నాడో, ఎవరిచేతి ముద్ద తిన్నాడో విచారించినవారు అరుదు. ఆ ప్రాంతమున నివసించు ధుర్వుల పర్జీ భాష మన తెనుగునకు దాయాది. బరో, భట్టాచార్య అను పండితులు 1953లో దానిని గూర్చి గ్రంథమును వెలువరించిరి. మనము పాలు అనుదానిని వారు ‘పేల్’ అందురు. మాట చుట్టరికము అట్లుండగా, ఆకలి చుట్టరికమును గూర్చియే నేనిక్కడ చెప్పదలచితిని.

తల్లిపాల విషయమున ఆ సీమ మనకంటె వెనుకబడినది కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆరు మాసములలోపు శిశువులలో కేవలము తల్లిపాలే త్రాగువారు దేశమంతటను 63.7 శాతము కాగా, ఛత్తీస్‌గఢ్‌లో ఆ సంఖ్య ఎనుబదికి దగ్గఱగా నున్నది. అయినను అదే సర్వే, ఆ రాష్ట్రమున ఐదేండ్లలోపు పిల్లలలో 34.6 శాతము వయసునకు తగిన ఎత్తు ఎదుగలేదని చెప్పుచున్నది. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో, బిడ్డ జాఱిపోవుచున్నది తల్లి యొడిలో నున్నప్పుడు కాదనియు, ఆ యొడి దిగి ఉగ్గుగిన్నె వంక చూచు ఏడవ మాసము మొదలుకొనియే యనియు నాకు తోచుచున్నది.

ఇందుకు పేదఱికము ఒక్కటే కారణమని తేల్చివేయుట సులభము. కాని అది సగము సత్యమే. బస్తరు పల్లెలో ఫాల్గుణము దాటగనే ఇప్పపూలు రాలును. తెల్లవాఱక ముందే, పశువులు మేయక ముందే, గంప చంకనిడి తల్లి చెట్టు క్రిందికి చేరవలెను. ఆ పని ముగియునంతలో తునికాకు కోత వచ్చును. వైశాఖపు ఎండలో ఆకు కోసి, కట్టలు కట్టి, ఫడ్ అనబడు కల్లమునకు మోసికొనిపోయి లెక్క అప్పగించినగాని కూలి చేతికి రాదు. సంవత్సరమంతటికి రొక్కము కనబడు రోజులు ఇవియే గనుక తల్లి పోక తప్పదు. ఇంట మిగిలినది ముసలి అవ్వయో, ఏడెనిమిదేండ్ల అక్కయో. ఆ అక్క తమ్ముని చంకనెత్తుకొని ఊరంతయు త్రిప్పగలదు, జోల పాడగలదు. కాని మూడు గంటలకొకసారి చేతులు కడిగికొని, వేడిగా ఉడికించి, మెత్తగా మెదిపి, వాడు మొగము త్రిప్పినను విసుగక బుజ్జగించి తినిపించుమని ఆమెను కోరుట న్యాయము కాదు. బిడ్డ ఆకలి గింజల కొఱత వలన కొంత, ఈ గంటల కొఱత వలన మఱికొంత.

శిశువు పొట్ట ఎంతటిదో పెద్దలు మఱచిపోవుదురు. కిలో బరువునకు సుమారు 30 మిల్లీలీటర్లు పట్టునని వైద్యులు లెక్క కట్టినారు. ఏడు కిలోల బిడ్డకు అది ఇంచుమించు 210 మిల్లీలీటర్లు, అనగా చిన్న గ్లాసెడు. ఆరు మొదలు ఎనిమిది మాసముల వఱకు తల్లిపాలు గాక దినమునకు సుమారు 200 కేలరీలు, ఏడాది నిండువఱకు 300, రెండేండ్ల వఱకు 550 పైయాహారము నుండి రావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇక బస్తరున ఇంటింట ఉండునది మండియా పేజ్, అనగా మన చోడి అంబలియే. ఎండకు దప్పిగొన్న కూలివానికి అంతకు మించిన అమృతము లేదు. ఎండు సొఱకాయ బుఱ్ఱలో పోసికొని అడవికి తీసికొనిపోవుదురు. కాని గ్లాసెడు పేజ్‌లో పదిహేను గ్రాముల పిండి యున్నచో అది యేబది కేలరీలకు మించదు. బిడ్డ పొట్ట నిండును, ఏడుపు ఆగును, అందఱును తృప్తిపడుదురు, నిండినది నీరు. పోనీ చిక్కగా కాచుదమన్న, అది గొంతు దిగని ముద్ద యగును.

ఈ చిక్కును విప్పు ఉపాయము మన అవ్వల వంటింటనే కలదు. చోళ్ళను రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలు రాగానే ఎండబెట్టి, దోరగా వేయించి విసరిన పిండిలో, పిండిపదార్థమును విఱుగగొట్టు అమైలేజ్ అను ద్రవ్యము పుట్టును. చిక్కగా ఉడికిన జావలో ఈ మొలకపిండి ఒక చిన్న చెంచాడు కలిపి మఱల ఒక పొంగు రానిచ్చినచో, చూచుచుండగనే జావ జాఱుగా మాఱును. నీరు పోయకయే పలుచనగును. అదే గ్లాసులో మునుపటికంటె ఎక్కువ గింజ ఇముడును. బరోడాలో తారా గోపాల్‌దాస్ మొదలైన పోషకాహార శాస్త్రజ్ఞులు దీనిని పరిశోధనశాలలో నిరూపించిరి. చోళ్ళ మొలకల జావ కాచిన మన అవ్వలు నిరూపణ కొఱకు ఎదురుచూడలేదు. నూఱు గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియముండుట అదనపు లాభము.

కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల, నేటి జాతీయ పోషకాహార సంస్థ, ఇటువంటిదే మఱియొక మార్గమును చూపినది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లము 20 కలిపి దంచిన ‘హైదరాబాద్ మిక్స్’ ఒక పూటకు 330 కేలరీలను, 11 గ్రాములకు పైబడిన మాంసకృత్తులను ఇచ్చును. అందులో ఊళ్ళో దొరకని వస్తువు లేదు, డబ్బా లేదు, డబ్బాపై నవ్వు బొద్దుబిడ్డ బొమ్మ అసలే లేదు.

అయితే పిండి యున్న చాలునా? 1975 అక్టోబరు 2న ఆరంభమైన అంగన్‌వాడీ వ్యవస్థలో మూడేండ్లు దాటిన పిల్లలు కేంద్రమున కూర్చుండి వేడియన్నము తినుచుండగా, అంతకు చిన్నవారికి పొట్లము ఇంటికి పోవును. అత్యంత జాగ్రత్త అవసరమైన వయసువానికి చేయి గాక పొట్లమే అందుట ఈ వ్యవస్థలోని పాత లోపము. దీనిని ముందుగా గుర్తించినవారిలో బిలాస్‌పూర్ చెంత గనియారీలోని జన్ స్వాస్థ్య సహయోగ్ వైద్యులును ఉన్నారు. ఆరు మాసములు మొదలు మూడేండ్ల వఱకు పిల్లలను తల్లులు పనికి పోయిన వేళ చూచుకొను ‘ఫుల్‌వారీ’లను వారు పల్లెలలో నెలకొల్పిరి. ఫుల్‌వారీ యనగా పూదోట. తరువాత సర్గుజా జిల్లాలో తల్లులే వంతులవారీగా వండి తినిపించు పద్ధతి వచ్చి, రాష్ట్రమందలి ఇతర గిరిజన ప్రాంతములకు ప్రాకినది. జీతపు ఉద్యోగి గాక, తన బిడ్డయు ఆ చాపమీదనే కూర్చుండు తల్లి వండుట ఇందలి గొప్ప. వంటలో నూనెచుక్క తగ్గినచో అడుగువారు పదిమంది.

ఇట్టి చోట జాగ్రత్తలు చిన్నవిగానే కనబడును, కాని ప్రాణము వానిపైననే నిలిచియుండును. పాలసీసాను గడప దాటనీయరాదు; దాని రబ్బరు మూతిని ఈగలు మూగు పల్లెలో శుభ్రపఱచుట అసాధ్యము, మన ఉగ్గుగిన్నెయో చెంచాయో వేడినీటిలో మరిగించిన చాలును. సీసాల ప్రచారమును నిషేధించుచు 1992లోనే చట్టము వచ్చినది. తల్లి పిండియిచ్చిన పాలు మూతపెట్టి చల్లనిచోట నుంచినను నాలుగు గంటలలోపు పట్టుట మేలు. వేసవిలో ఇంకను త్వరగా. మధ్యాహ్నము మిగిలిన జావను సాయంత్రమునకు దాచరాదు. వేరుశనగ పలుకును, శనగగింజను పొడి చేయక ఈయరాదు, ఊపిరిగొట్టమున అడ్డుపడును. అన్నిటికంటె చెప్పుటకు కష్టమైనది తేనె సంగతి: అడవితేనె నాలుకకు రాయుట శుభమని నమ్ము తల్లికి, అందులోని సూక్ష్మజీవి బీజములు ఏడాదిలోపు బిడ్డకు పక్షవాతము వంటి బోటులిజము తేగలవని చెప్పవలెను. మితానిన్ చెప్పినచో వినుదురు. 2002లో మొదలైన ఆ ఆరోగ్య కార్యకర్తల పేరునకు ‘నెచ్చెలి’ యని యర్థము. వైద్యుని మాట కంటె నెచ్చెలి మాట కడుపులోనికి దిగును.

2005 నాటి ఉపాధి హామీ చట్టములోను ఒక మంచి నిబంధన ఉండెను: పనిచోటికి ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురో అంతకు మించియో వచ్చినచో, కూలిస్త్రీలలో ఒకరిని వారిని చూచుకొనుటకే నియమించి కూలి ఈయవలెను. అయితే తునికాకు కల్లమునకు గాని, మిరపచేనికి గాని ఆ నిబంధన వర్తింపలేదు.

మిరపచేను అనుటలో నా యుద్దేశము వేఱు. పుష్యమాసము వచ్చుసరికి సుక్మా పల్లెల నుండి కుటుంబములు ఇదే రహదారి వెంట మిరప కోతకు ఖమ్మము, భద్రాద్రి, ములుగు ప్రాంతములకు దిగివచ్చును. ఫుల్‌వారీ ఊళ్ళోనే యుండును, అంగన్‌వాడీ పుస్తకములోని పేరు ఊళ్ళోనే యుండును. బిడ్డ మాత్రము వచ్చును. చేని గట్టున చెట్టుకొమ్మకు కట్టిన చీర ఊయలలో వాడు నిదురలేచి ఏడ్చుచుండగా, తల్లి మిరపఘాటు అంటిన చేతులను నీటితో తోమి తోమి కడిగికొని, వాసన చూచికొని, మఱల కడిగికొనును. మేస్త్రి అవతలి సాలు నుండి కేక వేయుచునే యుండును.