వీథివర్తకులకు ధ్రువపత్రమేల?

నెత్తిపై గంపతో వీథివీథి తిరిగి కూరగాయలమ్ము స్త్రీని మీరెల్లరు నెఱుగుదురు. ఆమె ఉదయమున తొమ్మిదివందల రూపాయలు అప్పు తెచ్చి, సాయంకాలమునకు వేయి చెల్లించుననుకొందము. ఆ దినపు కష్టములో నూఱు రూపాయలు వడ్డికే పోయినవి గదా! బ్యాంకువారు ఆమెకు ఋణమీయ వెనుదీయుట ఆమె నిజాయితీని శంకించి కాదు. ఆమె వర్తకమునకు సాక్ష్యముగా చూపదగిన కాగితము లేకపోవుట చేతనే.

ఈ కొఱత దీర్చుటకు 2014లో వీథివర్తకుల చట్టము చేయబడినది. దాని ననుసరించి పట్టణములలో ఇట్టి వర్తకులను లెక్కించి ధ్రువపత్రము లీయవలెను. వారిని ఆ తావునుండి తొలగింపవలెనన్న 30 దినములు ముందుగా తెలుపవలెను. 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి స్వనిధి పథకమున తొలి ఋణముగా 10,000 రూపాయల వఱకు తాకట్టు లేకయే యిచ్చిరి. సకాలమున దీర్చినవారు అంతకు మించిన ఋణమునకు అర్హులైరి.

అయినను చట్టము తనంతట తాను గంపయొద్దకు నడచిరాదు. దరఖాస్తు చదువలేక వెనుకాడువారు పెక్కుమంది కలరు. విద్యార్థులారా, మీ పొరుగున నట్టివారున్నచో దానిని చదివి వినిపింపుడు. పురపాలక కార్యాలయమునకు తోడుగా వెళ్లుడు. మీరు నేర్చిన యక్షరములు ఒక కుటుంబమునకు అన్నము పెట్టగలవు.