సూపరు ఫాస్ఫేటు - వేరుసెనగ పైరునకు దాని యుపయోగము

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల సేద్యగాండ్రలో సూపరు ఫాస్ఫేటను పేరు వినని వారుండరు. అయినను అది యెట్టి వస్తువు, నేలలో పడిన పిదప నేమగును, పైరున కెట్లుపకరించును అను సంగతులు తెలిసి వాడువారు కొలదిమందియే. మూటకు వెల యిచ్చుచున్నాము గాన, మూటలోని దేమో తెలిసికొనుట మనకు విధి.

భాస్వరము లేనిదే యే ప్రాణియు బ్రతుకదు. అది యెముకలలోను, గనులయందు దొరకు ఫాస్ఫేటు రాతిలోను సున్నముతో గూడియున్నది. నేను చదివిన మిషను పాఠశాలలో తోటమాలి దానిమ్మ చెట్ల మొదళ్లయందు ఎముకలు పాతుచుండెడివాడు. ఆ యాచారము మంచిదే. కాని యెముకయు, రాయియు నీటిలో సులభముగా కరుగవు. వేరు త్రాగునది కరగిన భాస్వరమునే. 1842వ సంవత్సరమున ఇంగ్లండు దేశములో జాన్ బెన్నెట్ లాస్ అనునాయన వీనిని గంధకామ్లముతో కలిపి నీట కరగు లవణముగా మార్చు పద్ధతికి పేటెంటు పొందెను. మన దక్షిణదేశమున 1906లో రాణిపేటయందు ఈ యెరువును తయారుచేయ నారంభించిరి.

ఆమ్లము రాతితో కలిసినపుడు కరగు ఫాస్ఫేటు మాత్రమే గాక జిప్సము కూడ పుట్టును. అందుచేత నూరు కిలోల సాధారణ సూపరులో, మూటపై వ్రాయు లెక్క చొప్పున, 16 కిలోల భాస్వరమును, సుమారు 11 కిలోల గంధకమును, సుమారు 20 కిలోల కాల్షియమును కలవు. డి.ఎ.పి. యను నెరువులో నూటికి 18 పాళ్లు నత్రజని, 46 పాళ్లు భాస్వరము. భాస్వరము మాత్రమే లెక్కించినచో 35 కిలోల డి.ఎ.పి. నూరు కిలోల సూపరునకు సమానము. బండికి బరువు తక్కువ. కాని కాల్షియము, గంధకము అందులేవు.

ఈ భేదమును నేను మొదట సరిగా బోధింపనైతిని. కొన్ని యేండ్ల క్రిందట పెనుకొండ ప్రాంతమున నొక రైతునకు "భాస్వరము వేయుము" అని మాత్రమే చెప్పి వచ్చితిని. ఆయన డి.ఎ.పి. వేసెను. కోతల కాలమున నన్ను చేనికి పిలిచి, ఒక చెట్టు పెరికి చేతికిచ్చి, "అయ్యా, చెట్టు పెరిగినది, కాయ పట్టినది, కాయలో గింజ యేది?" అని యడిగెను. ఆయన చేతిలోనివి చాలవరకు తాలు కాయలే. ఆ యేడు వానలు ముందుగా నిలిచినమాట నిజమే. అదియు నొక కారణము. అయినను నేను చెప్పవలసినది సగమే చెప్పితినని నాకు తెలిసినది.

వేరుసెనగ యితర పైరులవంటిది కాదు. వేరు పీల్చిన కాల్షియము నీటితోపాటు ఆకులకు పోవునే గాని, తిరిగి భూమిలోని కాయకు దిగిరాదు. ఊడ నేలలో దిగిన పిదప, కాయ తన కాల్షియమును తన చుట్టునున్న మంటినుండి తానే పీల్చుకొనవలయును. అచ్చట అది లేకున్నను, ఉన్నదానిని కరగించు పదును లేకున్నను కాయ తాలగును. గంధకము గింజలో నూనె పెరుగుట కుపకరించును.

కావున వర్షాధారపు పైరునకు ఎకరమునకు 100 కిలోల సూపరు, అనగా 50 కిలోల మూటలు రెండు, విత్తునపుడే సాలులో పడునట్లు వేయవలయును. మన యెర్రనేలలలోని యినుము, అల్యూమినియము భాస్వరమును పట్టి బిగించును. అది పడినచోటనుండి మిక్కిలి కొంచెముగనే కదలును. పైరు పెరిగిన తరువాత పైపైన చల్లిన యెరువు ఎండిన పైమంటిలోనే నిలిచిపోవును. పూత సమయమున ఎకరమునకు 200 కిలోల జిప్సమును మొదళ్లచెంత, ఊడలు దిగుచోట వేసి మన్ను ఎగద్రోయవలయును. సూపరు వేరునకు, జిప్సము కాయకు అని గుర్తుంచుకొనిన చాలును.

సూపరును సున్నముతో గాని, బూడిదతో గాని కలుపరాదు. కరగు భాస్వరము మరల కరగనిదగును. యూరియాతో కలిపి నిలువయుంచిన చెమ్మగిల్లి ముద్దయగును. మూటలను పలకలపై, తడి తగులనిచోట నుంచవలయును.

కడపటి మాట. వేసిన భాస్వరములో ఆ యేటి పైరు గైకొనునది కొంత భాగమే. మిగిలినది నేలలో నుండును. ఏండ్ల తరబడి డి.ఎ.పి. వేసిన చేలలో నిలువ కొంత యుండవచ్చును. వేసవిలో మన్ను పరీక్షింపించి, భాస్వరము మెండుగా నున్నచో సూపరును తగ్గింపుడు. జిప్సమును మాత్రము మానకుడు. మన దేశమునకు వలయు ఫాస్ఫేటు రాతిలో నధికభాగము విదేశములనుండి వచ్చుచున్నది. ఆ వ్యయము తుదకు మన యప్పుపద్దులోనే చేరును. సంఘమునందు మూట యెత్తించుటకు ముందు "దీనిలో నేమేమి కలవు? నా చేనికి వలయున దేది?" అని అడుగుడు. ఆ ప్రశ్నకు సరియైన జవాబు చెప్పుట మావంటి వారి పని.