పడవలో పాత బల్ల

పిల్లలూ! మన నస్పూర్‌కు దక్షిణంగా గోదావరి పారుతుంది కదా. ఆ ఒడ్డున ఒక పాత టేకు పడవను బాగుచేస్తుంటే మా తొమ్మిదో తరగతి పిల్లలను తీసుకువెళ్లాను. కూర్చునే అడ్డబల్ల పుచ్చిపోయింది. "ఏదో ఒక చెక్క కొట్టేస్తే సరిపోదా సార్?" అన్నాడు ఒకడు. వడ్లాయన నవ్వి, "ఇది ఉత్త పీట కాదు బిడ్డా, పడవకు నడుము" అన్నాడు.

ఆ మాటలో ఎంత విజ్ఞానం ఉందో చూద్దాం.

నీరు పడవ పక్కలను లోపలికి నెడుతుంది. గనిలో పైకప్పును కర్ర స్తంభాలు ఆపినట్లే, అడ్డబల్ల ఆ పక్కలను ఆపుతుంది. అందుకే పాత బల్లను ఊడదీసే ముందు పడవ వెడల్పు కొలిచి, ఒక కర్రను అడ్డంగా బిగించాలి. లేకపోతే పడవ ఆకారమే మారిపోవచ్చు.

కొత్త బల్ల పాత ఎత్తులోనే ఉండాలి. మనిషి ఎత్తుగా కూర్చుంటే గరిమనాభి పైకి జరుగుతుంది. పడవ తేలికగా ఒరిగిపోతుంది. చిన్న పడవలో నిలబడవద్దని పెద్దలు చెప్పేది ఇందుకే. సుఖం కోసం జానెడు ఎత్తు పెంచితే ప్రాణాలకే ముప్పు.

ఇక మేకులు. ఇనుము తుప్పు పడితే, ఆ తుప్పు అసలు ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. చుట్టూ ఉన్న చెక్క పగులుతుంది. రాగి, ఇత్తడి మేకులకు ఈ బాధ లేదు. కానీ తడిలో రాగి, ఇనుము ఒకదానికొకటి తగిలితే చిన్న విద్యుత్ ఘటం ఏర్పడి, ఇనుము మరింత త్వరగా తినేయబడుతుంది. కాబట్టి మేకు, దాని బిళ్ల ఒకే లోహానివై ఉండాలి.

కెనడాలో కెనూ అనే తేలికైన చెక్క పడవలుంటాయి. వాటిలో చాలావాటి సీట్లు పేముతో అల్లినవే. అల్లిక తెగితే, పేమును నీళ్లలో నానబెట్టి మెత్తబడ్డాక అల్లుతారు. ఆరాక అది బిగుసుకుంటుంది. మన పేము కుర్చీలు అల్లేవారి పద్ధతీ ఇదే!

చెక్క కూడా నీటితో మారుతుంది. మీరే చేసి చూడండి. బాగా ఎండిన పలక ముక్క పొడవు, వెడల్పు కొలిచి, రెండు రోజులు నీళ్లలో ఉంచి మళ్లీ కొలవండి. నార వెంట దాదాపు పెరగదు. నారకు అడ్డంగా ఉబ్బుతుంది. అందుకే పలకలు పక్కపక్కన పేర్చేటప్పుడు వడ్లాయన సన్నని సందు వదిలాడు.

ఇప్పుడు ప్లైవుడ్ ముక్కతో అలాగే చేయండి. పొడవు, వెడల్పు రెండూ అంతగా మారవు. ఎందుకని? దాని అంచును దగ్గరగా పరిశీలించండి, జవాబు అక్కడే ఉంది.