వెనీరు బల్లమీద సొట్ట

అటకమీదినుండి ఇత్తడి చెంబొకటి జారి టేకు వెనీరు బల్లమీద పడినదనుకొందము. చెంబు అంచు తాకినచోట వ్రేలికొన పట్టునంత సొట్ట ఏర్పడును. ఇంటివారు సాధారణముగా దానిలో లప్పము నింపుదురు. కొన్నాళ్లకు లప్పము ఎండి, రంగు మారి, సొట్టకంటె వికారముగా కనిపించును. నిజమునకు ఆ గుంటలో కొయ్య ఏమియు పోలేదు. అంతయు అక్కడనే నొక్కుకొని ఉన్నది. దానిని తిరిగి లేపుటకు కొద్దిపాటి నీరు, ఒక నూలుగుడ్డ, ఇస్త్రీపెట్టె చాలును. కాని వెనీరు విషయమున ఒక చిక్కు కలదు.

కొయ్య చూపునకు గట్టి పదార్థమే అయినను దానిలో సగమునకు పైగా ఖాళీయే. అది సన్నని గొట్టములవంటి కణముల కట్ట. ఈ కణముల గోడలలోని పదార్థము, ఏ చెట్టుదైనను, ఘనసెంటీమీటరునకు సుమారు 1.5 గ్రాములు తూగును. ఎండిన టేకుకొయ్య మాత్రము ఘనసెంటీమీటరునకు 0.65 గ్రాముల ప్రాంతమున తూగును. తక్కినది గాలి. దెబ్బ తగిలినపుడు గొట్టములు అడ్డముగా నలిగి చదునగును. వాటి గోడలు మడతలు పడును, కాని చాలవరకు తెగవు.

మడత ఎందుకు నిలిచిపోవును? కణపు గోడలో సెల్యులోజు పోగులు, వాటిని పట్టి ఉంచు లిగ్నిన్ అను పదార్థము ఉన్నవి. పొడిగా, చల్లగా ఉన్నపుడు లిగ్నిన్ బిరుసుగా ఉండి మడతను అట్లే బిగించి ఉంచును. తేమ తగిలి, వేడి 100 డిగ్రీల సెంటీగ్రేడును సమీపించినచో అది మెత్తబడును. అప్పుడు నలిగిన గోడలు నీటిని పీల్చి ఉబ్బి, తమ పూర్వరూపమునకు మరలును. కొయ్య నిలువున దాదాపు ఉబ్బదు, అడ్డముగానే ఉబ్బును. సొట్టయు అడ్డముగా పడినదే కనుక పైకి లేచును.

దీనిని తరగతిలోనే చూపవచ్చును. మెత్తని కొయ్యముక్కమీద మొద్దు మేకుతో నాలుగైదు గుంటలు నొక్కి, అవి కనబడకుండ పోవువరకు పైభాగమును ఉప్పుకాగితముతో అరుగదీయవలెను. తరువాత వేడినీరు పోసినచో గుంటలుండిన చోట్ల బుడిపెలు లేచును. విద్యార్థులు తప్పక ఆశ్చర్యపడుదురు. జపానులోని శిల్పులు దీనిని ఉకిబోరి అందురు. చిన్న కొయ్యబొమ్మలలో కప్ప చర్మముమీది బుడిపెలను వారు ఈ విధముననే తెప్పింతురు.

ఇక చిక్కు సంగతి. వెనీరు అనగా మేలైన కలపనుండి తీసిన పలుచని పొర. నేడు మిల్లులలో చెక్కునది తరచుగా అర మిల్లీమీటరు మాత్రమే ఉండును. రంపముతో కోసిన పాత పొరలు ఒక మిల్లీమీటరును మించి ఉండును. దానిపై పాలిషు, క్రింద జిగురు, ఆ క్రింద వేరొక చెక్క. కొయ్యను లేపు నీరు, వేడి మిగిలినవాటిని చెరుపకుండ చూచుకొనవలెను. పాత సామానులలో పశువుల తోళ్లు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు వాడిరి. అది తేమకు, 60 డిగ్రీల ప్రాంతపు వేడికి కరగి పొరను వదలివేయును. ఐనను దిగులు పడనక్కరలేదు. కరగిన జిగురు చల్లారునపుడు తిరిగి పట్టుకొనును గనుక, పొర ఉబ్బినచో మైనపు కాగితము పరచి, చదునైన బరువును మరునాటివరకు ఉంచిన సరిపోవును.

మొదట సొట్టమీద రెండు మూడు చుక్కల గోరువెచ్చని నీరు వేసి కొంతసేపు ఆగవలెను. పాలిషు నీటిని పీల్చనీయనిచో సన్నని సూదితో, నార సాగిన దిక్కున, అక్కడక్కడ పొడువవచ్చును. చిన్న సొట్ట ఇంతటితోనే లేచుటయు కలదు. లేవనిచో తడిగుడ్డను మడచి సొట్టమీద మాత్రమే ఉంచి, ఇస్త్రీపెట్టె ముక్కును నాలుగైదు క్షణములు ఆనించి తీయవలెను. గుడ్డ తడిగా ఉన్నంతవరకు నీరు మరుగుచు వేడిని 100 డిగ్రీలు మించనీయదు. ఆరినదా, కొయ్య మాడును. ప్రతిసారి గుడ్డ ఎత్తి చూచి, మరల తడుపవలెను. ఒక్కసారిగా చాలసేపు అదుముట పనివానికి తగదు. ఆవిరి వ్రేళ్లకు తగులకుండ జాగ్రత్త పడవలెను.

లక్కతో చేసిన పాలిషు తేమకు తెల్లబారును. ఒకనాడు ఆరనిచ్చి, స్పిరిటు అంటీ అంటనట్లు తడిపిన గుడ్డతో తేలికగా తుడిచినచో తెల్లదనము సాధారణముగా పోవును. దగ్గరలో నిప్పు ఉండరాదు. ఉప్పుకాగితము రుద్దవలసివచ్చినచో మిక్కిలి సన్నని రకముతో ఒకటి రెండుసార్లకంటె రుద్దరాదు. అర మిల్లీమీటరు పొర ఎంతలో అరుగును!

నార తెగిన గాటునకు ఈ వైద్యము పనికిరాదు. అక్కడ పాలిషు రంగుకు సరిపోవు మైనము గాని, కరగించిన లక్క గాని నింపవలసినదే.

అన్నిటికంటె ముందు బల్ల అడుగునో, మరమేకు రంధ్రములోనో లోపలి చెక్కను పరీక్షింపవలెను. పిండివంటి పొడి గాని, పెళుసు ముక్కలు గాని రాలినచో అది ఎం.డి.ఎఫ్. లేక పార్టికల్ బోర్డు. కొయ్యముక్కలను, పొడిని జిగురు కలిపి వేడిలో అణచి ఇట్టి పలకలు చేయుదురు. అనగా పలక అంతయు ఒక పెద్ద సొట్టయే! నీరు సోకినచో సొట్ట మాత్రమే గాక చుట్టుప్రక్కల అణగిన ముక్కలన్నియు ఉబ్బి, వాటి మధ్య జిగురు విడిపోవును. ఆరిన తరువాతను అది పూర్వపు మందమునకు రాదు. అట్టి బల్లమీద సొట్టను మైనముతో నింపి, తడిగుడ్డను, ఇస్త్రీపెట్టెను దూరముగా ఉంచవలెను.